మూడు ఊర్లు, ఒక ఈల

ఆరు వందల తొంభై తొమ్మిది.
రెండు డిస్కులు, పద్దెనిమిది పాటలు.
అట్ట మీద కాజీపేట లోకోషెడ్డు గోడకు ఒరిగి
నలుగురు నల్ల అంగీలోళ్ళు.
బ్యాండు పేరు తుప్పు.
విడిపోయి ఆరేండ్లు.
ఊరూరా కొట్టిన లైవులన్నీ ఏరి
ఇప్పుడు ఒక్క సంచిల పోసిండ్రు.

కొనాల్నా వద్దా అని
హన్మకొండ చౌరస్తల ఖలీల్ భాయ్ దుకాణంల
ఫోన్ కవర్ల గుత్తుల కింద
అరగంట సంది నిలవడ్డ.

పాటలన్నీ నా దగ్గర ఉన్నయే.
స్టూడియోల తానం పోసి, దువ్వి, పౌడరద్దిన పాటలు.
గవే పాటలు చెమటతోని వస్తే
మల్ల పైసలెందుకు పెట్టాలె?

"ముందు ఇను, తర్వాత చెప్పు"
ఖలీల్ హెడ్‌ఫోన్ ఇచ్చిండు.
ఎడమ దిక్కు కొంచెం గరగర.

మూడో పాట, మంచిర్యాల.
ఫాతిమానగర్ చర్చిల సన్నగ పాడిన ఇన్నయ్య గొంతు
పై మెట్టు మీద పటుక్కున పగిలింది.
పగిలిన కాడ ఆగలే,
ఆ పగులుల్నే కాలు పెట్టి ఇంకింత పైకెక్కిండు.
చింతకాయ కొరికినట్టు నా పండ్లు జిల్లుమన్నయి.
దీనికి వంద ఇయ్యొచ్చు.

ఐదోది జమ్మికుంట, పత్తి యార్డుల.
బాస్ లేదు. డ్రమ్ములు
పక్కింటోడు గోడకు మేకులు కొడ్తున్నట్టు.
పాట నడుమ మైకుల ఎవలో
"ఏపీ పదిహేను స్కార్పియో ఎవలదో తియ్యున్రి, దారికడ్డమున్నది."
గా ముక్క కోసెయ్యలే, మంచి పని చేసిండ్రు.
దీనికో యాభై.

రెండో డిస్కు, కరీంనగర్.
పాట ఒడిసింది. చప్పట్లు.
చప్పట్ల నెత్తి మీదికెంచి ఒక ఈల:
పొడుగ్గ లేచి, నడుమ విరిగి,
కొసకు రెండు చిన్న తునకలు.

గా ఈల నాకెరుక.
కొత్తవాడ షెడ్డుల ఇరవై సాంచలు
ఒక్కసారే కొట్టుకుంటుంటే
మనిషి మాట మనిషికి అందదు.
కందె కావాలన్నా, చాయ్ వచ్చిందన్నా
రెండు వేళ్ళు నోట్ల పెట్టి పిలిచేటోడు
ఆడెపు సారంగపాణి.

కానీ పాణిగాడు కరీంనగర్ రాలే.
ఆ రాత్రి వానికి షిఫ్టు.
వాడు వచ్చింది ఒక్క సుబేదారి ఆటకే,
వానల, నా పక్కపొంటి,
అమ్మకానికి నేసిన జంపఖాన నెత్తిన కప్పుకొని.

డిస్కు మార్చి వెనుకకు పోయిన.
మంచిర్యాలల గుడ అదే ఈల,
ఇందాక గొంతు పగులు మోజుల పట్టలే.
హన్మకొండల అదే. అది అసలుది.
జనం పలచనైన కాడల్లా
మా జనాన్ని కోసి అతికిండ్రు.

"గిది మోసం భాయ్. లైవు అని రాసి!"
ఖలీల్ కవర్లు సర్దుకుంట అన్నడు:
"ఒక్క మడి పుదీన మూడు డేగుల ఏస్తరు.
తినేటోడు అడుగుతడా?"

పాణిగాడు భివండి పోయి నాలుగేండ్లు.
ఫోన్ చేసిన. ఎత్తిండు. ఎనుక సాంచలు.
"మంచిర్యాలల ఈలేసినవు రా!"
"ఏందీ?"
"కరీంనగర్‌ల గుడ!"
"ఇనవడ్తలే, గట్టిగ!"

నాకు ఈలెయ్య రాదు.
ఎన్నిసార్లు నేర్పిండో, ఉమ్మే వచ్చేది.
హెడ్‌ఫోన్ తీసి ఫోనుకు ఆనిచ్చిన.
చప్పట్లు పోయినయి. ఈల పోయింది.

కొంతసేపు సాంచలు, ఉత్త సాంచలు.
అటెంక అటు దిక్కుకెంచి
చెవి తూట్లు పడేటట్టు, నడుమ విరుగుకుంట...
దాని ఎంబడే ఒక పిల్లగాని గొంతు,
ఉరికొచ్చిన ఆయాసంతోని:
"కందె కావాల్నా, పాణి భాయ్?"
ఏం కాలే పోరా అని నవ్వుకుంట తిట్టిండు.
లైను కట్టయింది.

ఖలీల్‌తోని చెప్పిన:
మంచిర్యాల పగులుకు వంద,
స్కార్పియోకు యాభై,
ఒక్క ఈలకు ఎంతంటే అంత ఇస్త,
కానీ మూడింటికి పైసలడిగితే ఇయ్య.

ఐదు వందల యాభై కాడికి దిగిండు.
నేను ఐదు వందల కాడ ఉన్న.